ఎక్స్‌రే తీయకుండానే ‘ఛాతీ నార్మల్’ అని రాసిచ్చిన మీ సర్టిఫికెట్ మీద ఫిర్యాదు

రాయగడ, ఒడిశా

మేనేజరు గారికి,
ఇళ్లకు ఆయాలను పంపే మీ కంపెనీ విశాఖపట్నం ఆఫీసుకు

అయ్యా,

మీరు మా ఇంటికి పంపిన ఆయాకు టీబీ అని తేలింది. మా పాపకు అప్పటికి ఇంకా ఐదో నెల. ఆ ఆయా ఛాతీ శుభ్రంగా ఉందని మీరిచ్చిన మెడికల్ సర్టిఫికెట్ నా చేతిలోనే ఉంది. ఫోన్లో ఎన్నిసార్లు చెప్పినా మీ వాళ్లు ‘రీప్లేస్‌మెంట్ పంపిస్తాం మేడమ్’ అనే మాట దాటి ముందుకు పోలేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ఒక సంగతి ముందే చెప్పాలి. నా ఫిర్యాదు మీ కంపెనీ మీద. ఆ మనిషి మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. మా ఇంట్లో అందరం ఆమెను పిన్ని అనే పిలుస్తాం. ఆమె జబ్బు గురించి ఆమెను అడిగి, సరేనన్నాకే ఇక్కడ రాస్తున్నాను. ఈ ఉత్తరం చూపించి ఆమె పేరు మీ రిజిస్టర్లోంచి కొట్టేస్తే, అది కూడా మీ మీద ఫిర్యాదులో చేరుతుంది.

మా పరిస్థితి మీకు మొదటి రోజే చెప్పాం. మావారిది పేపరు మిల్లులో షిఫ్టు డ్యూటీ, నాది బ్యాంకు ఉద్యోగం. అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయింది, మా అమ్మ బొబ్బిలిలో నాన్నను విడిచి రాలేదు. 26 వారాల ప్రసూతి సెలవులో కొన్ని వారాలు బీపీ వల్ల డెలివరీకి ముందే వాడాల్సి వచ్చింది. ఇంట్లోనే ఉండి పాపను చూసుకునే మనిషి లేకపోతే నాకు ఉద్యోగం లేదు. మా వైపు, పర్లాకిమిడి నుంచి గుణుపూర్, రాయగడ, జయపురం దాకా, తెలుగు వచ్చిన ఆయా కావాలంటే అందరూ విశాఖ వైపే చూస్తారు. మేమూ అలాగే మీ దగ్గరికి వచ్చాం. రిజిస్ట్రేషన్‌కు 6,000 రూపాయలు, ‘ట్రైనింగ్, మెడికల్, పోలీస్ వెరిఫికేషన్’ పేరుతో ఇంకో 4,500 కట్టాం. నెల జీతం 16,000 మీ అకౌంట్లోనే వేయాలన్నారు, వేశాం.

నేను డ్యూటీలో చేరడానికి కనీసం రెండు వారాల ముందు మనిషిని పంపమని బతిమాలాను. పాప ఏ ఏడుపుకి ఏం కావాలంటుందో, పిండి పెట్టిన నా పాలు ఎంతసేపు నిలవుంటాయో, ఉగ్గుగిన్నెతో ఎలా పట్టాలో పక్కనుండి చూపించాలి కదా. ‘అనవసరంగా జీతం దండగ, ముందు రోజు చాలు’ అన్నారు మీ సూపర్‌వైజరు. నేను మర్నాడు బ్యాంకుకు వెళ్లాలనగా ఆ సాయంత్రం రైలుకి ఆమె దిగింది. పురిటి సమయంలో ఉన్న కుటుంబాలకు ఇలాంటి సలహా ఇవ్వకండి. తల్లి ఇంట్లో ఉండగానే ఆయా కొన్నాళ్లు పక్కన మెలగాలి. ఆ జీతం దండగ కాదు.

ట్రైనింగ్ సంగతి ఆ రాత్రే తెలిసింది. పిండిన పాలు గది వేడిలో నాలుగు గంటలు దాటితే వాడకూడదని గానీ, వాటిని పొయ్యి మీద కాచకుండా గోరువెచ్చటి నీళ్లలో గిన్నె పెట్టి వెచ్చచేయాలని గానీ, పిల్లను వెల్లకిలా, తలగడ లేకుండా, గట్టి పరుపు మీద పడుకోబెట్టాలని గానీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. మీ ఆఫీసులో నేర్పింది ఇంటివాళ్లతో ఎలా మాట్లాడాలో, ఫోన్ ఎప్పుడు వాడకూడదో మాత్రమేనట. పైగా ఆమె సంచీలో మీ కంపెనీ స్టిక్కరు అంటించిన ‘వెల్‌కమ్ కిట్’ పంపారు. అందులో ఒక పాలసీసా, ఒక పాలపొడి డబ్బా. తల్లిపాలకు బదులు వాడే వాటి మీద 1992లో వచ్చిన చట్టం పాలపొడి డబ్బాలనూ పాలసీసాలనూ ఉచిత శాంపిళ్లుగా పంచి ప్రచారం చేయడాన్ని నిషేధించింది. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దని డాక్టర్లు చెప్పే పసిబిడ్డ ఉన్న ఇంటికి మీరు పంపిన కానుక అది. ఆ డబ్బా సీలు తీయకుండా అలాగే ఉంచాను, కావలసినప్పుడు చూపిస్తాను.

అయినా ఆమె రెండు రోజుల్లో అన్నీ పట్టేసింది. ఉగ్గుగిన్నె మూతి పాప కింది పెదవికి ఆనించి, ఒక్కో చుక్కా వంచుతూ, పాప మింగేదాకా ఆగి, మళ్లీ వంచడం. అంత ఓపిక నాకే లేదు. అందుకే ఆమెకు మీరు చేసినది నాకు మరీ బాధగా ఉంది.

ఆమె వచ్చినప్పటినుంచీ దగ్గుతూనే ఉంది. రాత్రుళ్లు పాప నిద్ర చెడుతుందని చీర కొంగు నోటికి అదుముకుని పెరటి వరండాలోకి వెళ్లిపోయేది. ‘ప్రయాణంలో చలిగాలి కొట్టిందమ్మా’ అనేది. మీ కాగితం మీద ‘చెస్ట్ ఎక్స్‌రే: నార్మల్’ అని ఉంది కాబట్టి మేం ఆ మాట నమ్మాం. పాపను చూడడానికి మా వీధి ఆశా దీదీ వచ్చినప్పుడు ఆ దగ్గు విని, పాపను వదిలేసి ముందు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. దగ్గు ఎన్నాళ్లుగా, సాయంత్రం పూట ఒళ్లు వెచ్చబడుతుందా, జాకెట్లు వదులయ్యాయా అని అడిగింది. దగ్గు రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష చేయించాల్సిందేనంది. సర్కారీ ఆసుపత్రిలో ఆ పరీక్షకు డబ్బు తీసుకోరు. కళ్లె ఇచ్చాం, టీబీని పట్టే ట్రూనాట్ యంత్రం మీద పెట్టారు, టీబీ అని వచ్చింది.

ఆ రోజు ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని ఆమె నాకు చెప్పిన మాటలు మీరు వినాలి. తనను ఎప్పుడూ ఏ ఎక్స్‌రే మిషను ముందూ నిలబెట్టలేదట. మీ ఆఫీసు పక్క హాస్టల్లో ఉన్నప్పుడే దగ్గు మొదలైందట. సూపర్‌వైజరుకు చెబితే దగ్గు సిరప్పు సీసా ఇచ్చి, ‘ఆ ఇంట్లో చెప్పకు, పంపేస్తారు’ అన్నాడట. ఫారాల మీద వేలిముద్రలు వేయించుకున్నారు గానీ, వాటిలో ఏముందో ఎవరూ చదివి వినిపించలేదు.

అప్పుడు మీ సర్టిఫికెట్ తీసి మళ్లీ చూశాను. ఎత్తు, బరువు గళ్లు ఖాళీ. సంతకం జిరాక్సు. ఆమె రైలెక్కిన రోజు తేదీనే దాని మీద ఉంది. గుణుపూర్లో మాకు తెలిసిన వాళ్ల ఇంటికి మీరే పంపిన ఇంకో ఆయా సర్టిఫికెట్ వాట్సాప్‌లో తెప్పించుకుని పక్కన పెట్టి చూస్తే, రెండింటి మీదా ఒకటే సీరియల్ నంబరు. ఈ కాగితానికేనా మా దగ్గర డబ్బు తీసుకున్నది?

టీబీ గాలి ద్వారా వస్తుంది. కంచాలు, బట్టల వల్ల రాదు. గంటల తరబడి ఒకే గదిలో, ఒళ్లో పెట్టుకుని, మొహం మీద మొహం పెట్టి ఉండే మనిషి నుంచి పసిబిడ్డకు సోకే ప్రమాదం ఎక్కువ. పుట్టగానే వేసే బీసీజీ టీకా మెదడు టీబీ లాంటి ప్రాణాంతక రకాల నుంచి పిల్లలను చాలావరకు కాపాడుతుంది గానీ, అసలు సోకనే సోకదని హామీ ఇవ్వదు. సోకితే ఐదేళ్లలోపు పిల్లల్లో, అందులోనూ ఏడాది లోపు వాళ్లలో జబ్బు తొందరగా ముదురుతుంది. మా పాపను ఎక్స్‌రే మిషను కింద పట్టుకుని ఉంచింది నేనే. జబ్బు లేదన్నారు. కానీ సోకి లోపల దాక్కుని ఉంటే పైకి రాకుండా ఉండడానికి ఆరు నెలల పాటు రోజూ ఐసోనియాజిడ్ అనే టీబీ మందు వేయాలన్నారు. బరువుకు తగ్గట్టు మాత్ర ముక్క నూరి, చెంచాడు పాలలో కలిపి, ఆ ఉగ్గుగిన్నెతోనే రోజూ పడుతున్నాను. పాప కక్కేస్తే ఎంత లోపలికి పోయిందో తెలియక ఆ రోజంతా గుండెలు పీచుపీచుమంటాయి. నాకూ, మావారికీ, అత్తగారికీ కూడా పరీక్షలు అయ్యాయి.

ఈ వార్త చెబితే మీ వాళ్లు అన్న మాట: ‘ఆమెను బస్సెక్కించి పంపేయండి మేడమ్, రేపే వేరే మనిషి వస్తుంది.’ మందు మొదలుపెట్టని టీబీ మనిషిని కిక్కిరిసిన బస్సు ఎక్కించమని చెప్పడానికి మీకు నోరెలా వచ్చింది? ఆమె అక్కడ దిగాక ఎక్కడ పడుకుంటుంది, మళ్లీ మీ హాస్టల్లో పది మంది మధ్యనేనా? మేం పంపలేదు. మేడ మీద గాలి వచ్చే గది ఇచ్చాం, ఇక్కడే మందులు మొదలుపెట్టించాం. మామూలు టీబీకి ఆరు నెలలు మానకుండా మందులు వాడితే నయమవుతుంది, మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. వేసుకోవడం మొదలైన కొన్ని వారాలకే ఇతరులకు సోకించే గుణం బాగా తగ్గిపోతుంది. కొంచెం కోలుకున్నాక కురుపాం వైపు వాళ్ల ఊరికి వెళ్తానంది. టీబీ రోగుల వివరాలుంచే ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో నమోదయి ఉంది కాబట్టి అక్కడి ఆసుపత్రికి కేసు బదిలీ చేశారు, మందులు ఆగలేదు.

ఆగింది డబ్బు. టీబీ రోగులకు తిండి కోసం నిక్షయ్ పోషణ్ కింద నెలకు 1,000 రూపాయలు వాళ్ల బ్యాంకు ఖాతాలోనే పడతాయి. 500 ఉన్నదాన్ని 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. ఖాతా వివరాలు అడిగితే ఆమె నా మొహం చూసింది. పాస్‌బుక్కూ, అసలు ఆధార్ కార్డూ మీ ఆఫీసు బీరువాలో ఉన్నాయట, ‘సేఫ్టీ’ కోసం. అప్పుడే తెలిసింది, మేం కట్టే 16,000లో ఆమెకు చేరేది 9,500 అని, అందులోనూ మొదటి నెల జీతం మీరు డిపాజిట్‌గా పట్టుకున్నారని. పదకొండు నెలలు పూర్తిచేస్తేనే తిరిగి ఇస్తారట. దగ్గు సంగతి ఆమె ఎందుకు దాచిందో నాకు అప్పుడు అర్థమైంది. చెబితే ఆ నెల జీతం పోతుంది కదా!

మీ ఒప్పందంలో ఇంకో మాట ఉంది, ‘24 గంటల ఆయా, వారాంతపు సెలవు లేదు’ అని. రాత్రి నాలుగుసార్లు లేచే బిడ్డను చూసుకుని, పగలంతా పని చేసి, నెలల తరబడి నిద్ర లేని మనిషి చేతిలో పసిబిడ్డ ఎంత భద్రం? కునికిపాట్లు పడుతూ కుర్చీలో పిల్లను ఎత్తుకుని కూర్చోవడమే ఎంతో ప్రమాదం. మేం రాత్రి పాపను మా గదిలోనే పడుకోబెట్టుకున్నాం, ఆదివారం ఆమెకు సెలవిచ్చాం. అలా చేయొద్దని మీ సూపర్‌వైజరు ఫోన్ చేసి మరీ చెప్పాడు, ‘అలవాటు చేయకండి’ అని.

ఇప్పుడు నేను అడిగేది ఇది. ఆమె పాస్‌బుక్కు, ఆధార్, పట్టుకున్న జీతం ఆమె ఊరికి రిజిస్టర్ పోస్టులో వెంటనే పంపండి, రసీదు నకలు నాకు పంపండి. ట్రైనింగ్, మెడికల్, వెరిఫికేషన్ పేరుతో తీసుకున్న 4,500, రిజిస్ట్రేషన్ 6,000 మాకు వెనక్కి ఇవ్వండి, ఎందుకంటే ఆ సేవ మీరు చేయలేదు. మీ హాస్టల్లో ఆమెతో పాటు ఉన్న ఆడవాళ్లందరికీ, వాళ్లు ఇప్పుడు పనిచేస్తున్న ఇళ్లకూ ఈ సంగతి చెప్పి పరీక్షలు చేయించండి. నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. వాళ్లూ పసిపిల్లలున్న ఇళ్లలోనే ఉన్నారు. మా కాలనీలోనే నెలలు నిండిన ఇంకో ఇద్దరు మీకు అడ్వాన్సు కట్టారు. వాళ్లకు పంపే మనిషికి నిజంగా ఎక్స్‌రే తీయించి, ఆ ఫిల్మ్ ఆమె చేతికే ఇచ్చి పంపండి. దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయించండి. పసిబిడ్డకు 6, 10, 14 వారాల టీకాలు పూర్తి కాకముందే ఇంట్లోకి వచ్చే మనిషి కాబట్టి కోరింత దగ్గు టీకా గురించి డాక్టరును అడగండి. జీతం నేరుగా ఆమె ఖాతాలో పడాలి, మీ కమీషన్ ఎంతో విడిగా చూపించాలి. ఒప్పందం తెలుగులోనూ ఒడియాలోనూ రాసి, సంతకానికి ముందు ఆమెకు చదివి వినిపించాలి. ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర ఇకమీదట వద్దు.

ఆ ఇద్దరికీ నేను చెప్పాల్సింది ఎలాగూ చెప్పాను: కంపెనీ కాగితాన్ని నమ్మకుండా మన ఊళ్లోనే, మన ఖర్చుతో డాక్టరుకు చూపించండి, మీరు ఇంట్లో ఉండగానే మనిషిని రప్పించండి, ఆమె నిద్రకు గది, సెలవుకు రోజు ముందే మాట్లాడుకోండి, దగ్గొచ్చినా జ్వరమొచ్చినా జీతం పోదని మొదటి రోజే ఆమెకు చెప్పండి.

ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రావాలి. రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్లో నమోదు చేసి, రాయగడ జిల్లా వినియోగదారుల కమిషన్లో కేసు వేస్తాను. వివాదాలన్నీ విశాఖ కోర్టుల్లోనే అని మీ ఒప్పందంలో రాసుకున్నారు గానీ, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయవచ్చు. కట్టిన మొత్తం ఐదు లక్షల లోపు కాబట్టి దానికి ఫీజు కూడా లేదు. ఆమె పాస్‌బుక్కు, ఆధార్ సంగతి మాత్రం ఆ పదిహేను రోజులు ఆగదు. ఈ వారంలో అవి చేరకపోతే ఆమె తరఫున పోలీసు స్టేషన్‌కు వెళ్తాం.

మీ రసీదులు, సర్టిఫికెట్ నకలు, పాప మందుల చీటీ దీనితో జతపరిచాను. గుణుపూర్ వాళ్ల సర్టిఫికెట్ నకలు కూడా, వాళ్ల పేరు కొట్టేసి, వాళ్ల అనుమతితో జతపరిచాను.

ఇట్లు,
మీ ఖాతాదారు,
రాయగడ