వార్షిక నివేదిక: కార్యదర్శి మాట

గౌరవ సభ్యులకు నమస్కారం.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలిసిందే కాబట్టి ఉపోద్ఘాతం వదిలేస్తున్నాను. కార్యవర్గం నెలనెలా కలిసింది. కొన్ని నెలలు కోరం లేకుండానే కలిసింది, ఆ సంగతి మినిట్స్ పుస్తకంలో ఉంది.

ఈ ఏడాది గట్టిగా చెప్పుకోదగ్గది మన కాగితాల సాయంత్రం. ఇంటి మరమ్మతులు చేయిస్తున్నవాళ్లను, చేయించబోతున్నవాళ్లను కాంట్రాక్టర్ ఇచ్చిన కాగితాలు పట్టుకుని రమ్మన్నాం. ఉపన్యాసాలు పెట్టలేదు. ఒక బల్ల దగ్గర రిజిస్ట్రేషన్, ఇంకో బల్ల దగ్గర ఇన్సూరెన్స్ చూశాం. కుర్చీలు చాలక నిలబడ్డవారు మన్నించాలి.

ఒక సభ్యురాలు తెచ్చిన రిజిస్ట్రేషన్ నంబర్ నిజమైనదే, కాకపోతే వేరే సంస్థది! ఒప్పందంలో ఒక పేరు, అడ్వాన్స్ వేయమన్న ఖాతా మరొకరిది. నంబర్ ఎవరి పేరున ఉంది, గడువు ఎప్పటిదాకా, ఏ పనులకు ఇచ్చారు అన్నవి నమోదు చేసిన కార్యాలయం జాబితాలోనే చూసుకోవాలి. కాంట్రాక్టర్ తన ఫోన్‌లో చూపించే ఫొటో లెక్కలోకి రాదు. పైగా చాలాచోట్ల రిజిస్ట్రేషన్ అంటే పేరు నమోదైందని మాత్రమే, పనితనం పరీక్షించి ఇచ్చే లైసెన్స్ వేరు. పనికి అనుమతి కాంట్రాక్టరే తేవాల్సిన చోట "అనుమతి మీ పేరున మీరే తెచ్చుకోండి" అన్నాడంటే, తన పేరున ఎందుకు తేలేడో అడగండి.

ఇన్సూరెన్స్ బల్ల దగ్గర చాలాసేపు పట్టింది. నిగనిగలాడే సర్టిఫికెట్ ఒకటి వచ్చింది. బీమా కంపెనీ నంబర్ విడిగా వెతికి (సర్టిఫికెట్ మీదున్న నంబర్‌కు చేస్తే ఎవరు ఎత్తుతారో తెలీదు) ఫోన్ చేస్తే, ప్రీమియం కట్టక పాలసీ ఎప్పుడో రద్దయిందన్నారు. పైపు పగిలి కిందింటివాళ్ల ఇల్లు తడిస్తే కట్టే పాలసీ ఒకటి, నిచ్చెన మీంచి కూలీ పడితే ఆదుకునేది ఇంకొకటి. రెండోది లేకపోతే ఆసుపత్రి ఖర్చు ఇంటి యజమాని మెడకు చుట్టుకోవచ్చు. టైల్స్ వంకరగా వేస్తే మాత్రం మామూలుగా ఈ రెండూ రావు. అందుకే డబ్బు పని నడిచిన కొద్దీ ఇవ్వాలి. డబ్బు మొత్తం ముందే ఇచ్చేసి, విప్పిన కప్పు కింద కూర్చున్నవాణ్ణి, నాకు తెలుసు ఆ టెన్షన్.

హాలు ఇచ్చినవారికి, కుర్చీలు మోసిన పిల్లలకు, గొంతు పోయేదాకా ఫోన్లు చేసిన ఇద్దరు సభ్యులకు కృతజ్ఞతలు. ఇద్దరే మిగిలారు మరి. వాట్సాప్‌లో బొటనవేలు చూపించిన మిగతావారు ఆ సాయంత్రం ఎక్కడున్నారో అడగదలచుకోలేదు. రిజిస్ట్రేషన్ గడువు తీరిన కాంట్రాక్టర్ల పేర్లు జాబితాలోంచి వెంటనే తీసేయమని నమోదు కార్యాలయానికి 3 ఉత్తరాలు రాశాం. "పరిశీలనలో ఉంది" అని ఒకదానికి జవాబొచ్చింది. మిగతా రెండూ ఏ బల్ల మీదున్నాయో!

లెక్కల పట్టిక జతపరిచాం. ఖర్చు వసూళ్లకు లోబడే ఉంది, వివరాలు కోశాధికారి చెబుతారు. చందా బకాయిదారుల పేర్లు చదవొద్దన్నారు కాబట్టి చదవడం లేదు.

కాంట్రాక్టర్‌ను అడగాల్సిన కాగితాల జాబితా గుమ్మం పక్క బల్ల మీద ఉంది. ఇంటికి ఒక్కటే తీసుకోండి, నిరుడు సగంమందికి అందలేదు.

భవదీయుడు,
కార్యదర్శి