సోలార్ ఇన్వర్టరు బిల్లు మీద గరిష్ఠ వోల్టేజి తెలుగులో ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

మా మేడ మీద మూడు కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు పెట్టించి ఏడాదిన్నర దాటింది. పీఎం సూర్యఘర్ పథకం కింద రావలసిన 78,000 రూపాయల రాయితీ మా ఖాతాలో పడింది. నెల నెలా కరెంటు బిల్లు చేతికి వచ్చినప్పుడు మంచి పనే చేశామని ఇప్పటికీ అనుకుంటాం. అందువల్ల ఆ పథకం మీద నాకు ఫిర్యాదు ఏమీ లేదు. ప్యానెళ్లు పెట్టించుకున్న ఇళ్లను వెతుక్కుంటూ తగ్గింపు ధరల ఇన్వర్టర్లు (ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడుకునేలా మార్చే యంత్రాలు) వస్తున్నాయి. వాటి గురించి నలుగురికీ చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

గత మే నెలలో ఒకరోజు లైను మరమ్మతు ఉందని మధ్యాహ్నం మూడు గంటలపాటు కరెంటు తీశారు. మేడ మీద ప్యానెళ్లు చేయి పెడితే కాలేలా ఉన్నాయి. కింద గదిలో ఫ్యాను తిరగడం లేదు. మా అత్తయ్య విసనకర్ర అందుకుని, "ఇంత ఎండను నెత్తి మీద పెట్టుకుని మనకీ ఉక్కపోత ఏమిటమ్మా? అంత డబ్బు పోసి కొన్నది ఎందుకు మరి?" అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు.

తర్వాత తెలిసింది. మనకు పథకంలో బిగించేది సాధారణంగా వీధి లైనుతో కలిసి నడిచే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరు. వీధి లైనులో కరెంటు ఆగితే అది కూడా వెంటనే ఆగిపోతుంది, ఆగిపోయి తీరాలి. లేకపోతే మన మేడ మీద పుట్టిన కరెంటు లైనులోకి వెళ్లి, స్తంభం ఎక్కి పని చేసుకుంటున్న లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. ఇన్వర్టరు ఇలా ఆగుతుందో లేదో పరీక్షించడానికి ఐఎస్ 16169 అనే భారతీయ ప్రమాణమే ఉంది. ఒక మనిషి ప్రాణం కాపాడే ఏర్పాటు అని తెలిశాక ఆ ఉక్కపోత మీద కోపం పోయింది. కానీ బిగించిన రోజున ఈ ఒక్క మాట మాకు ఎవరూ చెప్పలేదు. మా వీధిలో ప్యానెళ్లున్న మరో రెండిళ్ల వారిని అడిగాను. వారికీ తెలియదు.

సరిగ్గా ఈ తెలియనితనం మీదే కొందరి వ్యాపారం నడుస్తోంది. ఆ వారంలోనే ఉదయం పేపరు విప్పితే మడతలోంచి రంగుల కరపత్రం ఒకటి జారిపడింది. "కరెంటు పోయినా మీ సోలార్ ఆగదు. 3 కేవీఏ హైబ్రిడ్ ఇన్వర్టరు సగం ధరకే" అని ఉంది. హైబ్రిడ్ అంటే బ్యాటరీని కూడా కలుపుకుని, వీధి లైను ఆగినా ఇంటికి కరెంటు ఇచ్చేది. 39,000 అన్న అంకెను అడ్డంగా కొట్టేసి, పక్కన ఎర్రటి అక్షరాలతో 19,500 అని వేశారు. ఆ సాయంత్రమే దుకాణానికి వెళ్లాం. మా ప్యానెళ్లకు సరిపోతుందా అని అడిగాను. "మీవి మూడు కిలోవాట్లు, ఇదీ మూడే, జత కుదిరింది కదమ్మా" అన్నారు. రెండు బ్యాటరీలు కూడా వేరే కొన్నాం.

మర్నాడు దుకాణం పంపిన మనిషి వచ్చి, పాత ఇన్వర్టరు నుంచి ప్యానెళ్ల తీగలు ఊడదీసి కొత్తదానికి తగిలించాడు. స్విచ్చి పైకి ఎత్తగానే టప్పుమని శబ్దం వచ్చింది. కాలిన ప్లాస్టిక్ వాసన ఇల్లంతా నిండింది. పంతొమ్మిదిన్నర వేల సరుకు మా ఇంట్లో ఒక్క నిమిషం కూడా పని చేయలేదు. దుకాణానికి వెళ్తే, వోల్టేజి ఎక్కువై కాలింది కాబట్టి వారంటీ వర్తించదని చెప్పారు. బిగించింది వారు పంపిన మనిషే కదా అంటే, తగ్గింపు అమ్మకంలో మార్పిడి లేదని బిల్లు కింద ఉన్న వాక్యం చూపించారు.

మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాం. ఆయన టార్చి వేసి, ఇన్వర్టరు పక్క రేకు మీద చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న ఒక అంకె చూపించారు. ప్యానెళ్ల వైపు నుంచి ఇది తట్టుకోగలిగిన గరిష్ఠ వోల్టేజి 145. మా ప్యానెళ్లు ఆరు. ఒక్కొక్కటి 540 వాట్లు. లోడు లేనప్పుడు ఒక్కో ప్యానెల్ సుమారు 49 వోల్టులు ఇస్తుంది. ఆన్‌గ్రిడ్ పద్ధతిలో ఆరింటినీ ఒకదాని వెనుక ఒకటిగా వరుసలో కలుపుతారు కాబట్టి కిందికి దిగే తీగలో దాదాపు 300 వోల్టులు ఉంటాయి. 145 ఓర్చుకునే యంత్రం నోట్లో 300 పెట్టారు. "ట్యాంకులో ఎన్ని నీళ్లున్నాయన్నది ఒక లెక్క, ఎంత ఎత్తు నుంచి పడుతున్నాయన్నది ఇంకో లెక్క. దుకాణం వాళ్లు మొదటి లెక్క చెప్పి రెండోది వదిలేశారు" అన్నారాయన. రెండేసి ప్యానెళ్ల చొప్పున మూడు జతలు చేసి కలిపితే వోల్టేజి వంద లోపే ఉండేదట. అది అరపూట పని. అయితే అలా మార్చాక మళ్లీ పాత ఇన్వర్టరుకు తగిలించాలంటే దానికి ఆ వోల్టేజి చాలకపోవచ్చు. అంటే ఈ రెండింటినీ తీగలు మార్చి మార్చి వాడుకోవడం కుదరదు.

ఇంకో సంగతి కూడా ఆయనే చెప్పారు. నెట్ మీటరు (మనం లైనుకు ఇచ్చిన కరెంటునూ, తీసుకున్నదాన్నీ లెక్కించేది) ఇచ్చేటప్పుడు విద్యుత్ పంపిణీ సంస్థ వారి కాగితాల్లో మన ఇన్వర్టరు తయారీదారు పేరు, సీరియల్ నంబరు ఎక్కుతాయి. దాన్ని తీసేసి వేరొకటి పెట్టాలంటే వారికి చెప్పి, దాని పరీక్షా పత్రాలు చూపించాలి. ఎవరికీ చెప్పకుండా మార్చేస్తే, రేపు స్తంభం ఎక్కే లైన్‌మన్‌కు ఆ ఇంటి నుంచి కరెంటు ఎగువకు రాదన్న పూచీ ఏముంది? డబ్బు పోయిందన్న బాధకంటే ఈ మాటే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది.

కాలిపోయిన ఇన్వర్టరు అట్టపెట్టె మీద తగ్గింపు ధర స్టిక్కరు అంటించి ఉంది. దాని అంచు లేచి ఉంటే గోటితో పీకాను. కింద తయారైన నెల, సంవత్సరం కనిపించాయి. నాలుగేళ్ల కిందటి సరుకు. ప్యాకెట్ మీద తయారీ తేదీ, గరిష్ఠ ధర, వినియోగదారులు సంప్రదించాల్సిన చిరునామా కనిపించేలా ముద్రించాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. ముద్రించారు, నిజమే. దాని మీద స్టిక్కరు అంటించారు. ఇన్వర్టరు లోపల కరెంటును కాసేపు నిలవ ఉంచే కెపాసిటర్లు అనే భాగాలు వాడకపోయినా వేడి గోదాముల్లో ఏళ్ల తరబడి పడి ఉంటే బలహీనపడతాయి. కాబట్టి ఆ తేదీ కొనేవారికి కనిపించి తీరాల్సిందే. ఇక సగం ధర సంగతి. అదే సామర్థ్యం ఉన్న ఇన్వర్టరు ఊళ్లో మరో దుకాణంలో, అమ్మిన తేదీ నుంచి వారంటీతో, 23,000 రూపాయలకు దొరుకుతోంది. 39,000 అన్నది కొట్టేయడానికి రాసిన అంకె మాత్రమే.

తగ్గింపులన్నీ మోసమని నేను అనడం లేదు. కొత్త మోడల్ వచ్చినప్పుడు పాతది చవకగా ఇస్తారు, పూర్తి వారంటీ ఉంటే అది కొనదగ్గదే. సౌర పరికరాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాస్తా 5 శాతానికి దిగింది. ఆ తగ్గుదల కొనేవారికి హక్కుగా రావలసినది, దుకాణదారు దయ కాదు. బిల్లులో పన్ను ఎంత వేశారో అడిగి చూసుకోవాలి.

పంపిణీ సంస్థల అధికారులకు నా విన్నపం ఇది. నెట్ మీటరు బిగించే రోజున, లైనులో కరెంటు పోతే మీ సోలార్ కూడా ఆగుతుందని తెలుగులో రాసిన కాగితం ఒకటి ఇంటివారి చేతిలో పెట్టండి. కోతల్లోనూ కరెంటు కావాలంటే మొదటే హైబ్రిడ్ ఇన్వర్టరు ఎంచుకోవాలని, బ్యాటరీ ఖర్చు తామే పెట్టుకోవాలని దరఖాస్తు దశలోనే చెప్పించండి. అలా చెప్పి ఉంటే మేము ఆ దుకాణం మెట్లు ఎక్కేవాళ్లమే కాదు. అమ్మేవారు ప్యానెళ్ల వైపు గరిష్ఠ వోల్టేజిని, తయారీ నెలను, వారంటీ ఏ తేదీ నుంచి మొదలవుతుందో, బాగుచేసే కేంద్రం ఏ ఊళ్లో ఉందో బిల్లు మీద తెలుగులో రాసి ఇచ్చేలా ప్రభుత్వం ఆదేశించాలి. మందుల చీటీ చదవలేకపోతే నలుగురిని అడుగుతాం. ఇన్వర్టరు రేకు మీద అడగాల్సిన అంకె ఒకటుందని తెలియనివారు ఏమని అడుగుతారు?

ఇప్పటికే ఇలా నష్టపోయినవారు ఊరుకోవద్దు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. సరుకుకు చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే రుసుము లేదు. బిల్లు, పెట్టె, స్టిక్కరు ఏవీ పారేయకండి. మేము కాలిన ఇన్వర్టరును అట్టపెట్టెతో సహా దాచి, ఫిర్యాదుకు కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాం.

చివరగా మీకు ఒక మనవి. ఆ కరపత్రం మీ పత్రిక మడతలోనే మా ఇంటికి వచ్చింది. దాన్ని పెట్టింది ఊరి ఏజెంటు అని, మీకు సంబంధం ఉండదని నాకు తెలుసు. అయినా పేపరులో వచ్చిందంటే నమ్మే ఇళ్లు మా ఊళ్లో ఇంకా ఉన్నాయి, మాదీ అటువంటి ఇల్లే. వచ్చే ఎండలు ముదరకముందే, ఆన్‌గ్రిడ్‌కు హైబ్రిడ్‌కు తేడా ఏమిటో, కొనేముందు రేకు మీద ఏ అంకె చూడాలో బొమ్మతో సహా మీ జిల్లా పేజీలో ఒక్కసారి ప్రచురించండి. ఆ రేకు ఫొటో కావాలంటే నేను పంపుతాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
నంద్యాల జిల్లా