ఇంట్రెపిడ్ చూసొచ్చి నాన్నకి రాసిన ఉత్తరం

జెర్సీ సిటీ

నాన్నా,

ఇక్కడ మేమంతా బాగున్నాం. ఫోన్‌లో చెబితే సగం వినపడక "సరే, సరే" అంటావు. అన్నేళ్ళ బాయిలర్ రూం చాకిరీ నీ చెవుల్ని అలా చేసింది. అందుకే ఇదంతా కాగితం మీద పెడుతున్నాను. అమ్మకి కూడా చదివి వినిపించు.

మాకు నది అవతల, న్యూయార్క్‌లో పియర్ 86 దగ్గర, ఇంట్రెపిడ్ అనే పాత విమాన వాహక నౌకని మ్యూజియం చేసి పెట్టారు. పిల్లలు పై డెక్ మీదున్న స్పేస్ షటిల్ కోసం పరిగెత్తారు, వాళ్ళ వెనక మీ అల్లుడు. నేను మాత్రం కిందకి దిగాను. మనం వైజాగ్ బీచ్ రోడ్డులో కురుసురా జలాంతర్గామిని చూడ్డానికి వెళ్ళినప్పుడు నువ్వు టార్పెడోల దగ్గర ఆగకుండా వంటగది దగ్గర నిలబడి, "ఇంతమందికి ఇందులో ఎలా వండేవాడో" అన్నావు కదా. నాకూ ఆ బుద్ధే వచ్చినట్టుంది.

ఈ ఓడ 1943 ఆగస్టులో నౌకాదళంలో చేరింది. ఎక్కినవాళ్ళు దాదాపు మూడు వేలమంది. నీలాగా నేవీయే బతుకుతెరువు అనుకుని చేరినవాళ్ళు వాళ్ళలో తక్కువ. ఎక్కువమంది రిజర్విస్టులు. యుద్ధం ముగిసేదాకా, ఆపైన ఇంకో ఆరు నెలలు, అంతే ఒప్పందం. కొట్లో గుమాస్తా, పొలం పనివాడు, హైస్కూలు అయీ అవని కుర్రాడు. అంతకుముందు సముద్రమే చూడనివాళ్ళు కూడా. కొన్ని వారాల ట్రైనింగ్ ఇచ్చి, నెలకి 50 డాలర్ల జీతంతో మొదలుపెట్టించి పసిఫిక్‌కి పంపేశారు.

పడక సంగతి చెప్తాను. ఇనప చట్రానికి కాన్వాస్ గుడ్డ బిగించి, గొలుసులతో ఒకదాని మీద ఒకటి వేలాడదీసేవారు. పైవాడు ఒత్తిగిలితే కిందవాడి ముక్కుకి తగిలేంత దగ్గర. సామానుకి ఒక చిన్న లాకర్. ఈ ఓడ వియత్నాం యుద్ధం దాకా పనిచేసి 1974లో రిటైరైంది, మధ్యలో చాలా మార్పులు చేశారు. అన్ని మార్పులయ్యాక కూడా ఆ పడకల మధ్య నిలబడితే నాకు ఊపిరాడలేదు.

మంచినీళ్ళ గురించి నీకు నేను చెప్పడమేంటి! సముద్రపు నీటిని మరిగించి తీసిన నీళ్ళు ముందు బాయిలర్లకి, తర్వాతే మనుషులకి. స్నానమంటే ఒళ్ళు తడుపుకుని, కుళాయి కట్టేసి, సబ్బు రుద్దుకుని, మళ్ళీ ఒక్కసారి తిప్పి కడుక్కోవడమే. ఎనిమిది బాయిలర్లు నాన్నా దీనికి. నువ్వు పనిచేసిన విమాన వాహక నౌక విక్రాంత్‌కి నాలుగే కదా, 1971లో వాటిలోనూ ఒకటి పగుళ్ళిచ్చిందని చెప్పేవాడివి.

వీళ్ళు ఇంటికి రాసే ఉత్తరాలు ముందు ఆఫీసర్ చదివేవాడు. ఓడ ఎక్కడుందో తెలిసే ముక్క ఒక్కటున్నా కత్తిరించేసేవాళ్ళు. నీ కార్డుల్లో "నేను క్షేమం" తప్ప ఇంకేమీ ఉండేది కాదని నాన్నమ్మ చివరిదాకా సాధించేది. పాపం, ఇప్పుడు అర్థమైంది.

నీకు నచ్చే కథ ఒకటి. 1944 ఫిబ్రవరిలో పసిఫిక్‌లోని ట్రక్ దీవుల దగ్గర జపాన్ విమానం వేసిన టార్పెడో తగిలి చుక్కాని బిగుసుకుపోయింది. ఒక పక్క ఇంజన్లు జోరుగా, రెండో పక్క నెమ్మదిగా నడిపి కొంతదూరం లాక్కొచ్చారు. కానీ గాలి పెరిగేసరికి ఓడ ముక్కు టోక్యో వైపే తిరిగేది. చివరికి దొరికిన కాన్వాసులన్నీ కలిపి ముందు భాగంలో తెరచాప కట్టారు. లక్షన్నర హార్స్‌పవర్ ఓడకి తెరచాప! అలాగే పెర్ల్ హార్బర్ చేరింది.

ఇంకో సంగతి మాత్రం చదివినప్పటి నుంచీ మింగుడు పడటం లేదు. నల్లజాతి నావికులకి అప్పట్లో ఎక్కువగా ఇచ్చింది ఆఫీసర్లకి వడ్డించే పని, వాళ్ళ గదులు సర్దే పని. ఈ ఓడలో వాళ్ళలో కొందరు గన్ టబ్ 10 అనే తుపాకుల గూటిలో కూడా డ్యూటీ చేసేవారు. 1944 అక్టోబర్ 29న ఆత్మాహుతి విమానం తిన్నగా వాళ్ళ మీదకే వస్తుంటే కదలకుండా కాలుస్తూనే ఉన్నారు. అది వాళ్ళ మీదే పడింది. బతికినవాళ్ళలో అలోంజో స్వాన్ అనే ఆయన, తమకి రావాల్సిన నేవీ క్రాస్ అనే సాహస పతకం కోసం కోర్టుదాకా వెళ్ళి 1993లో సాధించుకున్నాడు. ప్లేట్లు అందించే చేతులకి తుపాకీ ఇవ్వడానికి అడ్డురాని రంగు, పతకం దగ్గరే అడ్డొచ్చింది చూడు.

నెల తిరక్కుండానే, నవంబర్ 25న, నిమిషాల తేడాలో మరో రెండు విమానాలు వచ్చి పడ్డాయి. అరవైమందికి పైగా పోయారు. విమానాలు నిలిపే హ్యాంగర్‌లో మంటలు ఆర్పినవాళ్ళలో ఆ గుమాస్తాలూ, పొలం కుర్రాళ్ళూ ఉన్నారు.

ఇప్పుడు నీ వంతు. 1971 డిసెంబర్‌లో, పాకిస్తాన్‌తో యుద్ధమప్పుడు, మీకు వాచ్ డ్యూటీ ఎన్ని గంటలు? పైన మీ ఓడ సీహాక్ విమానాలు చిట్టగాంగ్ వైపు ఎగురుతుంటే కింద ఉన్న మీకు ఆ సంగతి ఎవరు చెప్పేవారు? మన వైజాగ్ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిందని ఓడలో ఎప్పుడు తెలిసింది? బద్ధకించకుండా రాయి. చెల్లి ఫోటో తీసి పంపిస్తుంది.

నీ పెద్దమ్మాయి