జామాకు ప్రాజెక్టు గురించి శీనుకి

ఒరే శీనూ,

నీ ఉత్తరం నిన్న అందింది. బీఎస్సీ చివరి సెమిస్టర్ పిల్లలు నలుగురిని నీకు అప్పగించారనీ, వాళ్ళు జామాకు మీద చేస్తామంటున్నారనీ చదివి సంతోషమేసింది. ఆకు పెరట్లో దొరుకుతుంది, కావలసిన సామానంతా మామూలు మైక్రోబయాలజీ ల్యాబులో ఉండేదే, 12 వారాల్లో పూర్తవుతుంది. ఒక్కటే భయం. పెద్ద జోన్, అంటే సారం చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం, వస్తే ప్రాజెక్టు అయిపోయినట్టేనని పిల్లలు అనుకుంటారు. కంట్రోళ్ళు, అంటే పోలిక కోసం పక్కన పెట్టే పరీక్షలు, సరిగ్గా పెట్టకపోతే ఎంత పెద్ద జోన్ వచ్చినా దానికి అర్థం లేదురా. ఈ ఉత్తరమంతా దాని గురించే అనుకో.

ముందు టైటిల్ మార్పించు. "జామాకు ఔషధ గుణాల అధ్యయనం" అంటే దానికి అంతూ పొంతూ ఉండదు. "జామాకు మెథనాల్ సారం స్టెఫైలోకాకస్ ఆరియస్, ఈ. కోలి పెరుగుదలను ఏ మోతాదులో ఆపుతుంది" అని పెట్టించు. ఒక ఆకు, ఒక ద్రావణి, రెండు బ్యాక్టీరియాలు, రెండు పరీక్షలు. ఐదు మొక్కలు, మూడు ద్రావణులు పెట్టుకున్న బ్యాచీలు ఒక్కో ప్రయోగం ఒక్కసారే చేసి ఆపేస్తాయి, ఆ అంకెల్ని ఎవరూ నమ్మలేరు.

కల్చర్ల (పెంచిన బ్యాక్టీరియా) కోసం ఆసుపత్రి చుట్టూ తిరగనివ్వకు. రోగుల నుంచి తీసిన బ్యాక్టీరియా అంటే ఎథిక్స్ కమిటీ అనుమతి అడుగుతారు, అది వచ్చేలోగా సెమిస్టర్ అయిపోతుంది. చండీగఢ్‌లో ఇమ్‌టెక్ అనే పరిశోధన సంస్థ వాళ్ళ ఎంటీసీసీ (సూక్ష్మజీవుల భాండారం) నుంచి, అమెరికా భాండారం ఏటీసీసీ నంబరు 25922కి సమానమైన ఈ. కోలి, 25923కి సమానమైన ఆరియస్ కేటలాగులో చూసి తెప్పించు. ఈ రకాలే ఎందుకంటే, యాంటీబయాటిక్ డిస్కుకి వీటి మీద జోన్ ఎంత రావాలో ప్రామాణిక పట్టికల్లో ఉంటుంది. ఆర్డరు పెట్టాక చేతికి రావడానికి వారాలు పడుతుంది కాబట్టి ఆ కాగితం మొదటి రోజే వెళ్ళిపోవాలి. వచ్చిన వెంటనే 20 శాతం గ్లిజరాల్‌లో స్టాకులు చేసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టించు. నెలల తరబడి ఒకే స్లాంటు (ఏటవాలుగా మీడియా పోసిన ట్యూబు) నుంచి సబ్‌కల్చర్ చేస్తూ, అంటే కొత్త మీడియాలోకి మారుస్తూ, పోతే కల్చర్ మారిపోతుంది, కలుషితమైనా తెలియదు.

కల్చర్లు వచ్చేలోపు ఆకు పని కానిద్దాం. పూతా కాయా ఉన్న కొమ్మ ఒకటి కోసి, మీ బోటనీ వాళ్ళ చేత గుర్తింపు చేయించి, హెర్బేరియం షీటు (ఎండబెట్టి కాగితానికి అతికించిన మొక్క నమూనా) నంబరు తీసుకోండి. జామాకుని గుర్తుపట్టలేమా అంటారు పిల్లలు. గుర్తుపట్టగలరు, కానీ రిపోర్టులో ఆ నంబరు లేకపోతే ఎగ్జామినర్ అడిగే మొదటి ప్రశ్న అదే. ఆకులు కడిగి నీడలో ఆరబెట్టాలి. చేత్తో నలిపితే ఫెళఫెళా విరగాలి, వంగుతోందంటే ఇంకా తడి ఉన్నట్టే. తడి ఉండగా పొడి చేసి డబ్బాలో పెడితే బూజు పడుతుంది.

20 గ్రాముల పొడికి 200 మిల్లీలీటర్ల మెథనాల్. మూత బిగించి, షేకర్ మీద 48 గంటలు. షేకర్ లేకపోతే మూడు రోజులు ఉంచి రోజుకి నాలుగైదు సార్లు కలపండి. ముందు మస్లిన్ గుడ్డతో, తర్వాత వాట్‌మన్ 1 కాగితంతో వడకట్టి, రోటరీ ఎవాపరేటర్‌లో 40 డిగ్రీల దగ్గర ద్రావణిని ఎగరగొట్టండి. అది లేకపోతే వెడల్పాటి గాజు గిన్నెలో, ఫ్యూమ్ హుడ్ కింద, వాటర్ బాత్ మీద. చుట్టుపక్కల మంట ఉండకూడదు. మెథనాల్ ఆవిరి అంటుకుంటుంది, పీలిస్తే విషం కూడా.

ఇక్కడ రెండు పొరపాట్లు చాలామంది చేస్తారు. ఒకటి, ఖాళీ గిన్నె బరువు ముందు తూచరు. సారం జిగురుగా గిన్నెకి పట్టుకున్నాక ఎంత వచ్చిందో చెప్పే దారి ఉండదు. రెండోది ఇంకా చెడ్డది, మెథనాల్ పూర్తిగా పోకముందే "అయింది" అనుకోవడం. మిగిలిన మెథనాల్ కూడా బ్యాక్టీరియాని చంపుతుంది, ఆ జోన్ జామాకు ఖాతాలో పడిపోతుంది. గిన్నెని తూచండి, కొన్ని గంటలాగి మళ్ళీ తూచండి, రెండు బరువులూ ఒకటే అయ్యేదాకా ఆగండి. 20 గ్రాముల పొడికి 2.6 గ్రాముల సారం వస్తే దిగుబడి 13 శాతం అని రాయాలి. మీకు ఎంత వస్తే అంతే, పుస్తకంలో అంకెతో పోల్చి కంగారు పడొద్దు.

సారాన్ని డీఎంఎస్‌ఓ అనే ద్రవంలో మిల్లీలీటరుకి 200 మిల్లీగ్రాముల చొప్పున కరిగించి స్టాకు చేసుకోండి. ఆటోక్లేవ్ చేయకండి, 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌తో వడకట్టండి. ఫిల్టర్ నైలాన్‌దో పీటీఎఫ్‌ఈదో అయి ఉండాలి. సెల్యులోజ్ ఎసిటేట్ ఫిల్టర్ డీఎంఎస్‌ఓ తగిలితే కరిగిపోతుంది. సీసాకి అల్యూమినియం రేకు చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. డీఎంఎస్‌ఓ ఆ చల్లదనానికి గడ్డకడుతుంది, వాడే ముందు గది వేడికి తెచ్చి బాగా కలపాలి. లేకపోతే పైనున్న పలచటిదే పిపెట్‌లోకి వస్తుంది.

ఇక ప్లేట్లు. ముల్లర్ హింటన్ అగార్ (బ్యాక్టీరియాని పెంచే గట్టి మీడియా) లీటరుకి 38 గ్రాములు, 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు. 90 మిల్లీమీటర్ల ప్లేటులో 25 మిల్లీలీటర్లు పోస్తే మందం 4 మిల్లీమీటర్లు వస్తుంది. మీడియా మిగల్చాలని 15 పోస్తే మందు కిందికి పోయే చోటు లేక పక్కలకి పాకుతుంది, జోన్ పెద్దదవుతుంది. ఒక ప్లేటు పలచగా ఒకటి మందంగా పోస్తే ఆ రెండింటి కొలతలు పోల్చడానికి పనికిరావు. అందుకే కంటి అంచనా వద్దు, కొలజాడీతోనే పోయించు.

ముందురోజు తీసిన కాలనీలని సెలైన్‌లో కలిపి మెక్‌ఫార్లండ్ 0.5 అనే మసక ప్రమాణానికి సమానంగా మసకచేయాలి. ఆ ప్రమాణాన్ని ల్యాబులోనే చేసుకోవచ్చు: 1.175 శాతం బేరియం క్లోరైడ్ 0.05 మిల్లీలీటర్లు, 1 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం 9.95 మిల్లీలీటర్లు. 625 నానోమీటర్ల దగ్గర ఓడీ (కాంతి ఎంత ఆగిందో చెప్పే అంకె) 0.08 నుంచి 0.13 మధ్య రావాలి. అంటే మిల్లీలీటరుకి సుమారు 15 కోట్ల బ్యాక్టీరియా. కలిపిన 15 నిమిషాల్లోపు స్వాబ్ (దూది పుల్ల)తో ప్లేటు మీద రాసేయాలి. నలుగురూ కబుర్లలో పడి అరగంట ఆగితే వాటి సంఖ్య మారిపోతుంది. స్వాబ్‌ని ట్యూబు గోడకి నొక్కి తడి పిండి, ప్లేటుని 60 డిగ్రీలు తిప్పుతూ మూడు దిక్కులా రాయండి.

6 మిల్లీమీటర్ల బోరర్‌తో అగార్‌లో వెల్స్ (గుంటలు) తీసి, అడుగున చుక్క కరిగిన అగార్ వేయండి. లేకపోతే సారం అగార్ కిందికి జారి, జోన్ కోడిగుడ్డు ఆకారంలో వస్తుంది. ఒక్కో వెల్‌లో 50 మైక్రోలీటర్లు. అరగంట కదపకుండా ఉంచి ఇంక్యుబేటర్‌లో పెట్టండి. అలవాటు కొద్దీ ప్లేటు బోర్లించేస్తారు, జాగ్రత్త. వెల్‌లో ద్రవం ఉంది కాబట్టి ఇక్కడ నిటారుగానే ఉంచాలి. 35 నుంచి 37 డిగ్రీల మధ్య, 16 నుంచి 18 గంటలు. పేర్లు మూత మీద కాకుండా ప్లేటు అడుగున రాయించు, మూతలు మారిపోతాయి.

ప్రతి ప్లేటులో రెండు తప్పనిసరి. ఒక వెల్‌లో సారం లేని డీఎంఎస్‌ఓ అదే 50 మైక్రోలీటర్లు, ఒకచోట 10 మైక్రోగ్రాముల జెంటామైసిన్ (యాంటీబయాటిక్) డిస్కు. డిస్కు జోన్ ఈ. కోలి 25922 మీద 19 నుంచి 26 మిల్లీమీటర్లు, ఆరియస్ 25923 మీద 19 నుంచి 27 రావాలి. రాకపోతే మీడియాలోనో, మసకలోనో, డిస్కులోనో ఏదో తప్పు ఉంది. ఆ రోజు జామాకు కొలతలు ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయాలి. డీఎంఎస్‌ఓ వెల్ చుట్టూ లేత జోన్ కనపడితే దాన్ని దాచొద్దు, కొలిచి రాయాలి. కొలత వెర్నియర్‌తో, వెల్ వ్యాసం కలిపారో లేదో రిపోర్టులో చెప్పాలి.

జెంటామైసిన్ జోన్‌తో జామాకు జోన్‌ని పోల్చి "మందుతో సమానం" అని ఎక్కడా రాయనివ్వకు. లెక్క చూడు: స్టాకుని సగానికి పలచబరిచి మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాములు చేసి 50 మైక్రోలీటర్లు వేస్తే, వెల్‌లో 5,000 మైక్రోగ్రాముల సారం పడింది. డిస్కులో ఉన్నది 10. పైగా టానిన్ల లాంటి పెద్ద అణువులు అగార్‌లో నెమ్మదిగా కదులుతాయి, కాబట్టి చిన్న జోన్ అంటే బలహీనమనీ చెప్పలేం. ఈ. కోలి మీద అసలు జోనే రాకపోవచ్చు, దానికి బయటి పొర ఒకటి అదనంగా అడ్డం ఉంటుంది. అది విఫలమైనట్టు కాదు, ఫలితమే.

అసలు ప్రశ్నకి జవాబు చెప్పేది రెండో పరీక్ష, ఎంఐసీ, అంటే పెరుగుదలని ఆపే అతి తక్కువ మోతాదు. 96 వెల్స్ ప్లేటు తీసుకో. 20 మైక్రోలీటర్ల స్టాకుని 980 మైక్రోలీటర్ల ముల్లర్ హింటన్ బ్రాత్ (అగార్ లేని ద్రవ మీడియా)లో కలిపితే మిల్లీలీటరుకి 4 మిల్లీగ్రాములు. మొదటి వెల్‌లో ఇది 200 మైక్రోలీటర్లు, రెండు నుంచి పది దాకా ఉత్త బ్రాత్ 100. మొదటి దాంట్లోంచి 100 తీసి రెండో దాంట్లో కలిపి, దాంట్లోంచి 100 మూడో దాంట్లోకి, అలా పది దాకా వెళ్ళి చివరి 100 పారేయాలి. ప్రతిసారీ కొత్త టిప్. మెక్‌ఫార్లండ్ ద్రావణం 100 మైక్రోలీటర్లని 14.9 మిల్లీలీటర్ల బ్రాత్‌లో కలిపితే మిల్లీలీటరుకి 10 లక్షలవుతాయి. వెల్‌కి 100 వేస్తే చివరికి 5 లక్షలు, మొదటి వెల్‌లో సారం 2 మిల్లీగ్రాములు, డీఎంఎస్‌ఓ 1 శాతం. పదకొండో వెల్‌లో సారం లేకుండా 1 శాతం డీఎంఎస్‌ఓ, బ్యాక్టీరియా. పన్నెండోది ఉత్త బ్రాత్.

జామాకు సారం ముదురు ఆకుపచ్చగా, మట్టిరంగు కలిసి ఉంటుంది, మసక కంటికి ఆనదు. అందుకే 18 గంటల తర్వాత రెసాజురిన్ అనే నీలి రంగు 0.015 శాతం ద్రావణం 30 మైక్రోలీటర్లు వేసి 2 నుంచి 4 గంటలు ఉంచుతారు. బతికున్న బ్యాక్టీరియా ఉంటే నీలం గులాబీ అవుతుంది. నీలంగానే మిగిలిన వెల్స్‌లో అతి తక్కువ మోతాదు ఎంఐసీ. కానీ జామాకులో ఫినాలిక్ పదార్థాలు దండిగా ఉంటాయి. బ్యాక్టీరియా లేకపోయినా అవే రంగు మార్చగలవు. మొదటి రెండు మూడు వెల్స్ గులాబీగా, మధ్యలో నీలంగా, చివర మళ్ళీ గులాబీగా కనపడితే పిల్లలు ప్లేటు పాడైందనుకుని పారేస్తారు. పారేయొద్దు. కింద ఇంకో వరుసలో అవే మోతాదులు బ్యాక్టీరియా లేకుండా ముందే పెట్టించు. ఆ వరుసలోనూ మొదటివి గులాబీ అయితే అది సారం పని. అప్పుడు బ్యాక్టీరియా వేసిన వరుసలోని ఆ వెల్స్ నుంచి 10 మైక్రోలీటర్లు ఉత్త అగార్ మీద చుక్క పెట్టి మర్నాడు చూస్తే బ్యాక్టీరియా ఉందో లేదో తేలిపోతుంది. ఈ ఒక్క వరుస కోసం నేను ఎంతైనా పోట్లాడతాను శీనూ, మొత్తం ప్రాజెక్టు దాని మీద నిలబడుతుంది.

ఎంఐసీ మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము వస్తే నిరుత్సాహపడనివ్వకు, అలాగని గొప్పలూ రాయనివ్వకు. సారాలకి సాధారణంగా 100 మైక్రోగ్రాముల లోపు వస్తేనే గట్టి ప్రభావం అంటారు.

మూడు ప్లేట్లు ఒకే రోజు ఒకే ద్రావణంతో పెడితే అది ఎన్ (విడివిడిగా చేసిన ప్రయోగాల సంఖ్య) మూడు కాదు, ఒకటే. మూడు వేర్వేరు రోజులు, కొత్త కల్చర్లతో చేయాలి. రోజు సగటులు మూడింటినీ తీసుకుని వాటికి సగటు, ఎస్‌డీ (అంకెల చెదురు కొలత) కట్టాలి. మోతాదుల మధ్య తేడా ఉందో లేదో చూడడానికి అనోవా, ఆ తర్వాత ఏ రెండింటి మధ్య ఉందో చూడడానికి ట్యూకీ అనే గణాంక పరీక్షలు. ఎక్సెల్‌లో ట్యూకీ ఉండదు, ఉచితంగా దొరికే ఆర్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేసుకోవచ్చు.

రిపోర్టు చివరి వారానికి వదలకు. పద్ధతుల అధ్యాయం ప్రయోగం చేసిన సాయంత్రమే రాయించు, మీడియా లాట్ నంబరుతో సహా. కాపీ సంగతి పిల్లలకి ముందే చెప్పు, యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం పోలిక దాకానే చూసీచూడనట్టు పోతారు. ఎక్కువగా దొరికేది పరిచయ భాగంలోనే, అక్కడ నాలుగు వ్యాసాలు చదివి పుస్తకం మూసి సొంత మాటల్లో రాయమను.

వాడిన ప్లేట్లన్నీ ఆటోక్లేవ్ అయ్యాకే జీవ వ్యర్థాల పసుపు సంచిలోకి వెళ్ళాలి, ఆ బాధ్యత నలుగురిలో ఒకరికి పేరు పెట్టి అప్పగించు.

మొదటి బ్యాచ్ ప్లేట్లు తీసిన రోజు జెంటామైసిన్ కొలతలు, డీఎంఎస్‌ఓ వెల్ ఫొటో నాకు పంపు. నల్ల గుడ్డ మీద స్కేలు పక్కన పెట్టి తీయమను. అవి చూశాక ఎంఐసీ ప్లేటు ఏ మోతాదు నుంచి మొదలుపెట్టాలో ఫోనులో మాట్లాడుకుందాం. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
వాసు