మండపాల గోడలకు ఏ ఫోమ్ అంటిస్తున్నారు?

సంపాదకులు గారికి,

తిరుపతిలో కల్యాణ మండపాల గోడలకు, జనరేటర్ గదులకు శబ్దం తగ్గుతుందని థర్మాకోల్, కోడిగుడ్ల ట్రేలు అంటిస్తున్నారు. ఇది డబ్బు దండగ, పైగా నిప్పుతో చెలగాటం. థర్మాకోల్ లోపలి చిన్న చిన్న గాలి గడులు మూసుకుపోయి ఉంటాయి, గాలి చొరబడదు. శబ్దం అరగాలంటే గడులు ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని ఉండాలి. ఆ ఇరుకు దారుల్లో కదిలే గాలి రాపిడికి శబ్దం వేడిగా మారుతుంది. ఫోమ్ ముక్కను పెదాలకు ఆనించి ఊదండి, ఊపిరి అవతలి చేతికి తగలకపోతే కొనకండి. అంటించాక పెయింట్ వేస్తే రంధ్రాలు పూడిపోయి చేసిందంతా వృథా.

మందం దగ్గరే ఎక్కువమంది మోసపోతున్నారు. శబ్దాన్ని బాగా పీల్చాలంటే ఫోమ్ మందం ఆ శబ్ద తరంగం పొడవులో నాలుగో వంతుకు దగ్గరగా ఉండాలి. 1000 హెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 34 సెం.మీ., అందులో నాలుగో వంతు 8.5 సెం.మీ. 100 హెర్ట్జ్‌కైతే అది 85 సెం.మీ. అందుకే 25 మి.మీ. ఫోమ్ డీజే బేస్‌ను ఏమీ చేయలేదు. 50 మి.మీ. ఫోమ్ వేసి, వెనక మరో 50 మి.మీ. ఖాళీ వదిలితే కొంత నయం. అదీ హాల్లో ప్రతిధ్వనిని తగ్గించడానికే. పక్కింటికి వెళ్లే శబ్దాన్ని ఆపేది బరువైన గోడ, సందులు లేని తలుపు.

జనరేటర్ కానపీ, అంటే దాన్ని కప్పే రేకు పెట్టె, సంగతి వేరు. అక్కడ రేకు అదురును కూడా అణచాలి. ఒకే పాలిమర్ (ప్లాస్టిక్, రబ్బరు లాంటి పదార్థం) ఆ పని బాగా చేసేది కొద్దిపాటి ఉష్ణోగ్రతల మధ్యే. మన ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది, కానపీ లోపల ఇంకా ఎక్కువ. ఫోమ్ తయారయ్యే పాలీయురేథేన్, గట్టి జిగురుల్లో వాడే ఎపాక్సీ అనే రెండు పాలిమర్ల అణువుల వలలు ఒకదానిలో ఒకటి అల్లుకునేలా చేస్తే ఆ పరిధి విస్తరిస్తుంది. అయితే రెండూ దాదాపు ఒకే వేగంతో గట్టిపడాలి. ఒకటి ముందే బిగిస్తే రెండోది విడిపోయి ముద్దలు కడుతుంది. నురగ పొంగించే నీరు పాలియోల్ (పాలీయురేథేన్ తయారీకి వాడే ముడి ద్రవం) 100 పాళ్లకు 2 నుంచి 4 పాళ్లు, తూకం తప్పకూడదు. గడులు తెరుచుకోకముందే గట్టిపడితే చల్లారాక ఫోమ్ ముడుచుకుపోతుంది.

అన్నిటికన్నా భయపెట్టేది మంట. కాలే పాలీయురేథేన్ కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సయనైడ్ అనే విషవాయువులు వదులుతుంది. వందలమంది భోంచేసే హాల్లో అది నిమిషాల్లో ప్రాణాలు తీయగలదు. మండపాలకు అనుమతిచ్చే అధికారులు గోడలకు అంటించిన ఫోమ్‌కు మంట పరీక్ష రిపోర్ట్ అడగాలి. రిపోర్ట్ లేనిదాన్ని పెళ్లిళ్ల సీజన్‌కు ముందే పీకించాలి.

– ఒక పాలిమర్ ఇంజనీరు, తిరుపతి