నీళ్లు పోసేవాళ్ల పేరు ముందు రాసుకో

చిరంజీవి నాయనకు, అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. జూలై మొదటి ఆదివారం మీ హైస్కూల్లో తల్లిదండ్రులను, పాత విద్యార్థులను పిలిచి శ్రమదానం పెట్టాలనీ, ఆవరణ బాగుచేయించి నూరు మొక్కలు నాటించాలనీ నిన్న ఫోనులో చెప్పావు. మాట పూర్తికాకముందే గంట కొట్టారు, నువ్వు తరగతికి వెళ్లిపోయావు. బళ్లో ముప్పై ఏళ్లు పనిచేసినదాన్ని గనుక నాకు తోచినవి తీరిగ్గా రాస్తున్నాను.

ముందు తేదీ సంగతి. 1950లో కేంద్ర మంత్రిగా ఉన్న కె.ఎం. మున్షీ వనమహోత్సవం మొదలుపెట్టినప్పటి నుంచి జూలై మొదటి వారమంటే మొక్కలు నాటే వారమని దేశమంతటికీ అలవాటైంది. మన అనంతపురం వానకు ఆ లెక్క పట్టదు. ఏడాది మొత్తానికి మనకు పడేదే సుమారు 550 మిల్లీమీటర్లు, అందులోనూ పెద్ద వాటా ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పడేదే. జూలైలో ఒక్క పదును వాన పడిందా, ఊరంతా వేరుశనగ విత్తడానికి చేలల్లో ఉంటుంది, బళ్లో నువ్వూ అటెండరూ మిగులుతారు. కాబట్టి సెప్టెంబరు మొదటి ఆదివారానికి జరుపుకో. ఈలోగా నెలనెలా మూడో శనివారం ప్రభుత్వం వారి స్వర్ణాంధ్ర–స్వచ్ఛాంధ్ర పరిశుభ్రత కార్యక్రమం ఎలాగూ ఉంది కదా, చెత్తా చెదారం ఎత్తించే పని ఆ రోజుల్లో కానిచ్చుకో. గుంతలు అడుగున్నర పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు ఉండాలి. పనిరోజుకు రెండు వారాల ముందే తవ్వించి ఎండ తగలనివ్వాలి. ఆ రెండు వారాలూ వాటి మీద కంపలు వేయడం మరవకు, ఆటల పీరియడులో పిల్లలు కిందకు చూసి పరుగెత్తరు.

మనుషుల్ని ఎలా పిలవాలని అడిగావు. విద్యా హక్కు చట్టం ప్రకారం యాజమాన్య కమిటీలో ముప్పాతిక వంతు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. ఆ తల్లులను ముందు కలుసుకో, ఎవరింట్లో పలుగుందో, ఎవరింట్లో ట్రాక్టరుందో వాళ్లకు తెలిసినట్టు నీకు తెలియదు. మైకులో చాటిస్తే అందరూ వింటారు గానీ ఎవరూ రారు. అదే వాళ్ల అరుగు మీద కూర్చుని, “అన్నా, నీ పార తీసుకుని ఉదయం ఆరున్నరకు రా, బోరు దగ్గర నుంచి నాలుగు గుంతల పని నీది, పదింటికల్లా ఇంటికి పోవచ్చు” అని అడిగితే కాదనడానికి వాళ్లకు నోరు రాదు. వచ్చిన పారల కామలకు రంగుతో గుర్తులు పెట్టించు. ఒకసారి నేను ఆ పని చేయక, తారుమారైన ఒక్క పార కోసం రెండిళ్ల మధ్య ఆరునెలలు మాటలు లేకుండా పోయాయి, చివరికి కొత్త పార నేనే కొనిచ్చాను. మధ్యలో అందరికీ ఉగ్గాని, మజ్జిగ చాలు. దానికోసం చందాలు వసూలు చేయకు.

ఇంకొక పొరపాటు కూడా నాదే, దాచుకోను. మొదటిసారి శ్రమదానం పెట్టినప్పుడు గోడ వెంబడి నడుముల ఎత్తు పెరిగిన వయ్యారిభామను నాలుగు, ఐదు తరగతుల పిల్లలచేత ఉత్త చేతులతో పీకించాను. తెల్లపూత మీదున్న మొక్కలవి. మర్నాడు తొమ్మిది మంది పిల్లలు మోచేతుల దాకా దద్దుర్లతో వచ్చారు, ఒక పాపకు కళ్లు రెండూ వాచిపోయాయి. ఆ మొక్క ఒంటికి పడదని తెలిసి కూడా, ఒక్కపూట పనే కదా అనుకున్నాను. నువ్వు దాన్ని పూతకు రాకముందే, వాన పడి నేల మెత్తబడ్డాక, చేతులకు తొడుగులు వేసుకున్న పెద్దవాళ్లచేతనే వేళ్లతో సహా పీకించు. రాళ్లకుప్పలు కదిపే పని కూడా పెద్దవాళ్లదే. వాటి కింద తేళ్లుంటాయి, పాములూ ఉండవచ్చు. పిల్లలకు మొక్కలు అందించడం, పేర్లు రాసిన పలకలు కట్టడం, నీళ్లు మోయడం చాలు.

మొక్కలు ఊరికే వస్తున్నాయని ఏది పడితే అది దించుకోవద్దు. చూస్తుండగా పచ్చగా లేచే కోనోకార్పస్ అసలే వద్దు, దానివల్ల జరిగే చెరుపు చూసే గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నిషేధించింది. పచ్చగన్నేరు పూవు అందంగానే ఉంటుంది గానీ గింజ విషం, చిన్నపిల్లలు తిరిగేచోట దానికి చోటివ్వకు. నీడకు వేప, కానుగ పెట్టు. వంటగది వెనుక మునగ, కరివేపాకు వేయించు, వాటి పక్కనే గోంగూర, తోటకూర మళ్లు కట్టించు. భోజనం తర్వాత ఒక్కో పిల్లవాడు కంచం కడగడానికి చెంబుడు నీళ్లు పోసినా, రెండు వందల మందికి రెండు వందల చెంబులు. ఆ నీళ్లు గులకరాళ్లు, ఇసుక నింపిన చిన్న గుంత గుండా వడిసి మళ్లలోకి పారేలా కాలువ తీయిస్తే ఆకుకూరలకు వేరే నీళ్లు అక్కర్లేదు. గోడ కూలినచోట అడ్డసరం కొమ్మలు దగ్గర దగ్గరగా గుచ్చించు. మేక ముట్టని ఆకు అది, రెండేళ్లలో కంచె అవుతుంది.

ఇక అసలు సంగతి. నేనూ ఒక ఏడు నూరు మొక్కలు నాటించాను. అందరం వరసగా నిలబడి ఫోటో తీయించుకున్నాం, మీ నాన్న దాన్ని ఇప్పటికీ బీరువాలో దాచారు. ఏప్రిల్ 24న సెలవులిచ్చి, జూన్ 12న తాళం తీసి చూస్తే తొమ్మిది మొక్కలు మిగిలాయి, ఆ తొమ్మిదీ చేతిపంపు పక్కవి. తక్కినచోట కట్టెపుల్లలు, వాటికి పిల్లల పేర్లు రాసిన అట్టలు వేలాడుతున్నాయి. రెండో తరగతి పిల్లవాడొకడు తన అట్ట విప్పి జేబులో పెట్టుకున్నాడు. ఏం చేస్తావురా అంటే, “ఇంకో మొక్కకి కడతా టీచర్” అన్నాడు.

అందుకని నూరు వద్దు, పాతికతో మొదలుపెట్టు. ప్రతి మొక్క పక్కనా అడుగున సన్నని చిల్లి పెట్టి గుడ్డవత్తి దూర్చిన కుండ పాతించు. కుండ నింపితే కొన్నాళ్లపాటు వేరుకు తడి అందుతుంది. ఆ ఏడు వారాల సెలవుల్లో కుండలు నింపేదెవరో మాత్రం ఇప్పుడే తేల్చుకో. బడి వెనుక ఇల్లున్నవాళ్లను, వంట చేసే అమ్మను అడిగి చూడు. ఊరికే చేయమనకు, కాచిన మునక్కాయల్లో సగం వాళ్లవేనని కమిటీ తీర్మానంలో రాయించు. హెడ్మాస్టరుగారి అనుమతి, పలుగులు, మజ్జిగ అన్నీ ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఆ పేరు దొరికిన రోజు నాకు ఫోన్ చెయ్యి. పనిరోజుకు ముందు శనివారం సాయంత్రం బస్సుకు మీ నాన్నా నేనూ వస్తాం. పార మేమే తెచ్చుకుంటాం, కామకు ఎర్రరంగు గుర్తు ఉంటుంది.

ఆశీస్సులతో,
అమ్మ