'టు' ఎక్కడ, 'ఇంగ్' ఎక్కడ: చిత్తూరులోని మిత్రుడికి ఉత్తరం

తిరుపతి

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. ఏ ఇంగ్లీషు క్రియ తరువాత 'టు' రావాలో, ఏ క్రియ తరువాత 'ఇంగ్' రావాలో పదో తరగతి పిల్లల చేత రెండు పట్టికలు బట్టీ పట్టిస్తున్నావనీ, అయినా పరీక్షలో వాళ్ళు తారుమారు చేస్తున్నారనీ రాశావు. పట్టికలు అక్కరలేదని నేను అనను. అయితే వాటికి ముందు పిల్లలకు చూపించవలసిన ఆధారం మన తెలుగులోనే ఉందని నా గట్టి నమ్మకం.

'తిరుమలకు నడిచి వెళ్ళాలని నిర్ణయించుకున్నాను' అన్నప్పుడు ఆ నడక ఇంకా మనసులోనే ఉంది. వాంట్, హోప్, డిసైడ్, ప్లాన్, ప్రామిస్ వంటి క్రియలన్నీ ఈ కోవకు చెందినవే. మనం 'ఆలని' లేదా 'తానని' అనే చోట ఇంగ్లీషులో 'టు' వస్తుంది. 'నడవడాన్ని ఆస్వాదిస్తాను', 'కాఫీ తాగడం మానేశాను' అన్నప్పుడు మాత్రం ఆ పని మనకు తెలిసిన అనుభవంగా ఎదుట నిలుస్తుంది. ఎంజాయ్, ఫినిష్, అవాయిడ్, గివప్ అనే క్రియల తరువాత 'ఇంగ్' రావడం అందుకే. డ్వైట్ బోలింజర్ అనే అమెరికన్ భాషావేత్త 1968లోనే ఇంచుమించు ఇదే చెప్పాడు: 'టు' రూపం ఊహలో ఉన్నదాన్నీ, 'ఇంగ్' రూపం వాస్తవంగా భావించేదాన్నీ సూచిస్తుందని. 'ఇంగ్' రూపానికి జెరండ్, 'టు' రూపానికి ఇన్ఫినిటివ్ అనే లాటిన్ పేర్లను ఆ తరువాత నేర్పినా నష్టం లేదు.

అసలు చిక్కు 'ఫర్గెట్' దగ్గర వస్తుంది. 'తాళం వేయడం మర్చిపోయాను' అని మనం సహజంగా అంటాము. ఆ 'డం' చూసి పిల్లవాడు 'ఐ ఫర్గాట్ లాకింగ్ ది డోర్' అని రాస్తాడు. తాళం పడనే లేదు కాబట్టి అక్కడ 'ఐ ఫర్గాట్ టు లాక్ ది డోర్' అనాలి. జరిగిపోయిన పనికే 'ఇంగ్' వస్తుంది: 'గరుడసేవ చూసిన సంగతి ఎన్నటికీ మరచిపోను' అనే వాక్యాన్ని 'ఐ విల్ నెవర్ ఫర్గెట్ సీయింగ్ ది గరుడసేవ' అని రాయాలి. 'రిమెంబర్' కూడా అంతే. 'టికెట్ గుర్తుపెట్టుకుని తీసుకురా' అన్నప్పుడు 'టు బ్రింగ్', 'టికెట్ తెచ్చినట్టు గుర్తుంది' అన్నప్పుడు 'బ్రింగింగ్'. ఈ రెండు క్రియల దగ్గర పిల్లలు 'డం' కోసం కాక, 'చూసిన', 'తెచ్చిన' వంటి భూతకాల రూపం కోసం వెతకాలి. నీ తరగతిలో ఒక పూట మొత్తం దీనికే కేటాయించినా ఎక్కువ కాదు.

'స్టాప్' నేర్పడానికి అలిపిరి మెట్లదారి చాలు. గాలిగోపురం దగ్గర నీళ్ళు తాగడానికి ఆగినవాడు 'స్టాప్డ్ టు డ్రింక్ వాటర్'. తాగుతూ తాగుతూ తాగడం ఆపేసినవాడు 'స్టాప్డ్ డ్రింకింగ్ వాటర్'. 'ట్రై' విషయంలో మన భాష చూపే తేడా నాకు మరీ ఇష్టం. బిగుసుకుపోయిన కిటికీని తెరవడానికి ప్రయత్నిస్తే 'ట్రైడ్ టు ఓపెన్'. ఉక్కపోత తగ్గుతుందేమోనని తెరిచి చూస్తే 'ట్రైడ్ ఓపెనింగ్'. ఆ 'చూడు' అనే సహాయక క్రియ పని చేస్తున్న తీరును పిల్లలు ఒకసారి గమనిస్తే మరి పొరబడరు. బిగిన్, స్టార్ట్ తరువాత సాధారణంగా ఏ రూపమైనా సరిపోతుంది కనుక వాటి మీద కాలం వెచ్చించకు.

ఈ సూత్రానికి లొంగని క్రియలు ఉన్నాయనీ, పట్టిక అవసరమయ్యేది అక్కడేననీ పిల్లలకు దాచకుండా చెప్పు. 'వెళ్దామని సూచించాడు' అన్నది జరగబోయే పనే అయినా ఇంగ్లీషులో 'సజెస్టెడ్ గోయింగ్' అనాలి. 'సజెస్టెడ్ టు గో' తప్పు. 'కన్సిడర్' కూడా అలాంటిదే. 'మేనేజ్' దీనికి తలకిందులు: పని నెరవేరినా 'మేనేజ్డ్ టు ఫినిష్' అనే రాస్తాము. 'లుక్ ఫార్వర్డ్ టు' అన్నచోట ఆ 'టు' విభక్తి వంటిది, క్రియారూపంలో భాగం కాదు. అందువల్ల దాని తరువాత 'మీటింగ్' రావాలి, 'మీట్' కాదు. ఉద్యోగ దరఖాస్తుల్లో కూడా ఈ తప్పు దొర్లుతూ ఉంటుంది కనుక దీన్ని వదలకుండా నేర్పు.

నీ పిల్లల జవాబు పత్రాల్లో ఈ రెండు రూపాలూ తారుమారైన వాక్యాలను దిద్దకుండా, ఉన్నవి ఉన్నట్టుగా రాసి పంపు. తెలుగు అలవాటు వల్ల వచ్చిన తప్పులను ఒకవైపు, పట్టికతోనే తీరే తప్పులను మరొకవైపు విడదీసి, ప్రతి వాక్యానికీ ఎదురుగా దాని తెలుగు రూపం రాసి తిరిగి పంపుతాను.

ఇట్లు,
నీ మిత్రుడు